ఠాణా గడప దగ్గర యువత: ఎవరిని కూర్చోబెట్టాలి, ఏం నేర్పాలి?

కర్ణాటకలోని రాయచూరు జిల్లా మల్లట్ లాంటి ఊళ్లో తగాదా ఏదైనా మొదట పెద్దమనుషుల ముందే నలుగుతుంది. పొలం గట్టు జరిగిందనో, కాలువ నీళ్లు పైవాడు తిప్పుకున్నాడనో, అప్పు వసూలుకు వచ్చినవాళ్లు ఇంటి ముందు నానా మాటలు అన్నారనో నలుగురూ కూర్చుని మాట్లాడతారు. అక్కడ తేలనప్పుడే స్టేషన్ మాట వస్తుంది. అప్పుడు కూడా ఒంటరిగా బయలుదేరేవాళ్లు తక్కువ. కాగితం రాయగలిగిన కుర్రాడినో, నలుగురిలో మాట చెల్లే నాయకుడినో వెంట పెట్టుకుని వెళ్తారు. లోపల ఎవరిని కలవాలో, ఏం చెప్పాలో, చెబితే వింటారో లేదో తెలియకపోవడమే దానికి కారణం.

ఆ తెలియనితనాన్ని తీర్చడానికే దేశంలో చాలాచోట్ల స్టేషన్ గుమ్మం దగ్గర రిసెప్షన్ బల్ల వేశారు. అక్కడ ఎవరు కూర్చోవాలన్నది ఇంకా తేలని ప్రశ్న. కానిస్టేబుళ్లు చాలరు కాబట్టి చదువుకున్న యువతను కేడెట్లుగా తీసుకుని, శిక్షణ ఇచ్చి కూర్చోబెడితే బాగుంటుందని కొందరంటారు. పోలీసు పని పోలీసులే చేయాలి, పిల్లల్ని ఆ వాతావరణంలోకి దింపకూడదని మరికొందరంటారు. రెండు వాదనల్లోనూ బలముంది. మన రాష్ట్రాల్లో, పొరుగు రాష్ట్రాల్లో, బయటి దేశాల్లో ఇప్పటిదాకా చేసి చూసినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే దారి కొంత స్పష్టమవుతుంది.

ఆ బల్ల దగ్గర జరిగే పని

బయటి నుంచి చూస్తే ఇది చిన్న పనే. వచ్చినవాళ్లను పలకరించడం, కుర్చీ చూపించడం, పేరు రాసుకోవడం, ఎస్ఐ దగ్గరికి పంపడం. కానీ ఫిర్యాదు తలరాత సగం ఇక్కడే తేలుతుంది. “ఇది మా పరిధి కాదు”, “సారు బందోబస్తుకు వెళ్లారు, రేపు రండి”, “ముందు కాగితం సరిగ్గా రాసుకురండి”, “ఇంట్లో మాట్లాడుకుంటే పోదా?” అనే మాటలు వినబడేది ఈ చోటే. వెనక్కి వెళ్లిన మనిషి మళ్లీ వస్తాడన్న నమ్మకం లేదు. దెబ్బలు తిన్న ఇల్లాలైతే అసలు రాదు.

ఈ విషయంలో చట్టం గట్టిగానే ఉంది. 2013 నవంబరు 12న లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, చెప్పిన సంగతి కాగ్నిజబుల్ నేరాన్ని సూచిస్తే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. నోటితో చెబితే రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదుపై మూడు రోజుల్లో సంతకం చేస్తే సరిపోతుంది. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు చెప్పుకోవచ్చు. లైంగిక దాడి వంటి కొన్ని నేరాల సమాచారాన్ని నమోదు చేయని ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ కూడా నోటిమాటగా వచ్చిన ఫిర్యాదును రాసి, చదివి వినిపించడాన్ని అధికారి విధిగా పెట్టింది.

అంటే, కాగితం రాసుకురమ్మని తిప్పి పంపడం చట్టంలో లేని పద్ధతి. రాయడం రాని మనిషి కోసం స్టేషనే రాయాలి. యువ కేడెట్ల చర్చ ఇక్కడి నుంచే మొదలు కావాలి. వాళ్లు వచ్చి పూడ్చాల్సిన లోటు మర్యాద ఒక్కటే అనుకుంటే పొరపాటు. వచ్చినవాడి మాట రికార్డులోకి ఎక్కేలా చూడడం అసలు పని.

ఏ వయసు వారు

మన దేశంలో పోలీసు కేడెట్ అనగానే గుర్తొచ్చేది స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకం. కేరళలో 2010 ఆగస్టులో 127 పాఠశాలలతో మొదలైంది. 2018 జూలైలో గురుగ్రామ్‌లో కేంద్రం దీన్ని దేశమంతటికీ ప్రకటించింది. 8, 9 తరగతుల పిల్లలకు నెలకో తరగతి. పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. నేర నివారణ, విలువలు అనే రెండు అంశాల చుట్టూ పాఠాలు సాగుతాయి, స్టేషన్‌ను చూపిస్తారు. పౌర విద్యగా ఇది మంచి పథకం. పోలీసును చూసి జడుసుకునే పిల్లవాడు స్టేషన్ గుమ్మం తొక్కి, సెంట్రీతో మాట్లాడి, రైటర్ ఏం రాస్తాడో చూసి ఇంటికెళ్తే ఆ ఇంట్లో సగం భయం పోతుంది.

అయితే ఈ వయసు పిల్లల్ని ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టకూడదు. అక్కడికి వచ్చే మాటల్లో అత్యాచారాలుంటాయి, ఆత్మహత్యలుంటాయి, తప్పిపోయిన బిడ్డలుంటారు. పదమూడు, పద్నాలుగేళ్ల మనసు మీద ఆ బరువు మోపడం అన్యాయం. ఎదుట పాఠశాల పిల్లవాడుంటే చెప్పుకోవడానికి వచ్చిన ఆడమనిషి నోరు తెరవదు. పల్లెల్లో అందరూ ఒకరికొకరు తెలిసినవారే కాబట్టి ఈ మాట మరింత నిజం.

కాబట్టి డెస్కు పనికి పద్దెనిమిదేళ్లు నిండినవారే తగినవారు. డిగ్రీ చదువుతున్నవారు, ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్‌లలో పనిచేసినవారు, పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారు ఈ కోవలోకి వస్తారు. వీరికైనా పగటి వేళలే ఇవ్వాలి, చదువుకు అడ్డురాని గంటలే ఇవ్వాలి, పనికి తగ్గ భృతి ఇవ్వాలి. ఊరికే పని చేయించుకోవడానికి సేవ అని పేరు పెడితే పేదింటి పిల్లలు రాలేరు. వచ్చేది కాస్త కలిగినవారి పిల్లలే అయితే బల్ల దగ్గర ఊరి ముఖం కనిపించదు.

తెలుగు రాష్ట్రాల అనుభవం

తెలంగాణ ఏర్పడ్డాక స్టేషన్ నిర్వహణకు నెలవారీ నిధులు విడిగా ఇచ్చారు. స్టేషన్ పనిని విభాగాలుగా పంచి, అందులో రిసెప్షన్‌ను ఒక ప్రత్యేక బాధ్యతగా నిలబెట్టారు. చాలా స్టేషన్లలో ఆ కుర్చీలో మహిళా కానిస్టేబుళ్లే కనిపిస్తారు. వచ్చిన పిటిషన్ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, రసీదు చేతికి వస్తుంది. 2025 జనవరి నుంచి క్యూఆర్ కోడ్ ద్వారా పౌరుల అభిప్రాయం తీసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. ఇక్కడ నేర్చుకోదగ్గది ఒకటుంది. రిసెప్షన్ అనేది ఖాళీగా ఉన్నవారికి అప్పగించే పని కాదని, అదీ ఒక డ్యూటీయేనని వ్యవస్థ గుర్తించింది. ఏ ఉద్యోగికైనా తన పనికి పేరూ లెక్కా ఉంటేనే దాని మీద శ్రద్ధ కుదురుతుంది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం మరో పాఠం చెబుతుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులుగా దాదాపు 15 వేల మంది యువతులను నియమించారు. 2021లో జీవో 59 ద్వారా వారిని మహిళా పోలీసులుగా గుర్తించారు. పోలీసు నియామక పద్ధతి, శిక్షణ లేకుండా ఆ హోదా ఎలా ఇస్తారంటూ హైకోర్టులో సవాలు వచ్చింది. ఊరి గడప దగ్గర వినే మనిషి ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ వాళ్లు ఎవరు, ఏ అధికారం ఉంది, ఏ అధికారం లేదు అన్నది ముందే తేలకపోవడంతో ఆ ఆడపిల్లలు ఇరుకున పడ్డారు. కొత్త కేడెట్ పథకం ఏది తెచ్చినా ఈ హద్దులు మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

పరిశోధనలు ఏం తేల్చాయి

ఇలాంటి విషయాల్లో అభిప్రాయాలకు కొదవ లేదు, కొలిచి చూసినవి తక్కువ. వాటిలో రెండు మన దేశంలోనివే కావడం మన అదృష్టం.

రాజస్థాన్‌లో 162 స్టేషన్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, డేనియల్ కెనిస్టన్ తదితరులు, ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్‌తో కలిసి నాలుగు సంస్కరణలను పరీక్షించారు. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, బదిలీలు ఆపడం, వారానికో సెలవు ఇచ్చేలా డ్యూటీలు మార్చడం, ఊరివాళ్లను పరిశీలకులుగా స్టేషన్‌లో కూర్చోబెట్టడం అనేవి ఆ నాలుగు. మొదటి రెండూ ఫలించాయి. బాధితుల తృప్తి పెరిగింది. చివరి రెండూ చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదు. స్టేషన్ అధికారి రోజూ సహకరిస్తేనే అవి నడుస్తాయి, ఆ సహకారం నిలకడగా అందలేదన్నది పరిశోధకుల వివరణ. ఇంకొక సంగతి కూడా తేలింది. పనితీరు కొలవడానికి బాధితుల వేషంలో మనుషుల్ని స్టేషన్లకు పంపితే, ఆ రాకపోకల వల్లే పోలీసుల ప్రవర్తన మెరుగుపడింది.

కేడెట్ల పథకం గురించి కలలు కనేవారు ఈ ఫలితాన్ని పదేపదే చదవాలి. బయటి నుంచి వచ్చిన పౌరుడిని స్టేషన్‌లో కూర్చోబెట్టినంత మాత్రాన ఏమీ మారదు. ఇన్‌స్పెక్టర్ తలచుకోకపోతే ఆ కుర్చీ మూలకు పోతుంది, ఆ కుర్రాడు టీ తెచ్చే పనిలోకి దిగుతాడు.

రెండోది మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో జరిగింది. సందీప్ సుఖ్తాంకర్, గాబ్రియెల్ క్రుక్స్-విస్నర్, అక్షయ్ మంగ్లా చేసిన ఈ అధ్యయనం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మహిళా హెల్ప్ డెస్కులు పెట్టి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, స్పష్టమైన నిబంధనలు రాసిచ్చిన స్టేషన్లలో మహిళల కేసుల నమోదు పెరిగింది. మహిళా అధికారులు నడిపిన డెస్కుల దగ్గర ఆ పెరుగుదల మరింత స్పష్టంగా కనబడింది. బల్ల వేసినంత మాత్రాన కాలేదు. బల్ల, మనిషి, శిక్షణ, రాసిపెట్టిన పద్ధతి, పైఅధికారి అజమాయిషీ అన్నీ కలిసినప్పుడే అయింది. నిర్భయ నిధి నుంచి దేశంలో 10 వేల స్టేషన్లలో ఇలాంటి డెస్కుల కోసం 100 కోట్ల రూపాయలు కేటాయించారు. డబ్బు చేరినచోటల్లా మిగతా నాలుగూ చేరాయా అని ప్రతి జిల్లాలోనూ అడగాల్సి ఉంది.

హద్దులు చెరిగితే

తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లా నుంచి ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ మొదలైంది. అప్పటి ఎస్పీ ప్రతీప్ ఫిలిప్ ఆలోచన అది. పౌరులు స్వచ్ఛందంగా పోలీసులకు తోడుండాలన్నది ఉద్దేశం. ఏళ్ల తరబడి దాన్ని ఆదర్శంగా చెప్పుకున్నారు. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీ హింసతో మరణించారు. ఆ స్టేషన్‌తో సంబంధమున్న స్వచ్ఛంద సేవకుల మీదా ఆరోపణలు వచ్చాయి. తమ సభ్యుల ప్రమేయం లేదని ఆ సంస్థ వాదించింది. జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ వ్యవస్థను నిషేధించింది. ఎవరి తప్పెంతో తేల్చేది కోర్టులు. మనకు కావాల్సిన పాఠం వేరే ఉంది. యూనిఫాం లేని యువకుడు లాకప్ దాకా వెళ్లగలిగే ఏర్పాటు ఏ రూపంలోనూ ఉండకూడదు. ముందు గదికీ లోపలి గదులకూ మధ్య గీత గీసి, దాటితే కేడెట్‌నూ, దాటించిన అధికారినీ ఇద్దరినీ తప్పించాలి.

అమెరికాలో రెండు రకాల పద్ధతులున్నాయి. చాలా నగరాల పోలీసు విభాగాల్లో కాలేజీ వయసు కేడెట్లు జీతం తీసుకుని డెస్కులో, రికార్డుల గదిలో పనిచేస్తారు. తర్వాత వారిలో కొందరు పోలీసులవుతారు. ఇది కాక ఎక్స్‌ప్లోరర్ల పేరుతో 14 ఏళ్ల నుంచే పిల్లల్ని చేర్చుకునే స్వచ్ఛంద పథకం ఉంది. దాని మీద ‘మార్షల్ ప్రాజెక్ట్’ అనే వార్తాసంస్థ 2024లో ప్రచురించిన పరిశోధనలో, పోలీసు సిబ్బంది ఆ పిల్లలతో అనుచితంగా ప్రవర్తించారన్న ఆరోపణలు 194 లెక్కకు వచ్చాయి. ఈ అంకె చదివాక, యువతను స్టేషన్‌లోకి పిలిచే ప్రతి పథకంలోనూ వారి రక్షణ మొదటి అధ్యాయంగా ఉండాలనడంలో సందేహం ఉండదు. ఒంటరిగా ఏ అధికారితోనూ వాహనంలో వెళ్లకూడదు, రాత్రి డ్యూటీ ఉండకూడదు, ఇబ్బంది కలిగితే చెప్పుకోవడానికి ఆ స్టేషన్‌తో సంబంధం లేని అధికారి ఉండాలి.

సింగపూర్‌లో 1959 నుంచి జాతీయ పోలీసు కేడెట్ దళం ఉంది. అది పాఠశాల పిల్లల క్రమశిక్షణకు సంబంధించింది. జపాన్‌లో మాత్రం కోబన్ అనే చిన్న పోలీసు కేంద్రాల్లో సలహాదారులుగా ఎక్కువగా రిటైరైన పోలీసులే కూర్చుంటారు. యువతకు ఓపిక, వేగం, కంప్యూటర్ చేతివాటం ఉంటాయి. పెద్దవారికి మనుషుల్ని చదివే చూపు ఉంటుంది. మన స్టేషన్లలో కేడెట్ పక్కన రిటైరైన ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్‌ను కూర్చోబెడితే రెండు పద్ధతుల మేలూ కలిసొస్తుంది.

మల్లట్ వైపు నుంచి చూస్తే

రాయచూరు ప్రాంతానికి ఉన్న ప్రత్యేకత భాషలు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా ఇది. 1953లో తుంగభద్ర డ్యాం నీళ్లు అందుబాటులోకి వచ్చాక ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు ఆంధ్ర నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ, సంతలో దక్కనీ ఉర్దూ, తండాల్లో లంబాడీ. క్యాంపులో పుట్టిన పిల్లలకు కన్నడ చదవడం రాయడం బాగా వచ్చు. వాళ్ల నాయనమ్మకు మాత్రం తెలుగు తప్ప మరో భాషలో బాధ చెప్పుకోవడం రాదు. ఠాణాలో రాత కన్నడంలో సాగుతుంది.

చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్న నిబంధన ఇక్కడ నిజమైన పరీక్షకు వస్తుంది. అర్థం కాని భాషలో చదివి వినిపిస్తే నిబంధన కాగితం మీద మాత్రమే నెరవేరుతుంది. వేలిముద్ర వేసిన ముసలమ్మకు తాను ఏం చెప్పినట్టు రాశారో తెలియదు. కేసు కోర్టుకు వెళ్లాక ప్రతి మాటా తూకానికి వస్తుంది. రెండు మూడు భాషలు ఇంట్లోనే పట్టుబడిన స్థానిక యువతీ యువకులు ఈ పనికి పుట్టినట్టే ఉంటారు. బెంగళూరు నుంచో మైసూరు నుంచో బదిలీ మీద వచ్చిన సిబ్బంది ఎంత మంచివారైనా ఆ లోటు తీర్చలేరు.

సరిహద్దు మరో కారణం. కృష్ణ దాటితే తెలంగాణ, మంత్రాలయం వైపు వెళ్తే ఆంధ్రప్రదేశ్. బిడ్డను అటు ఇచ్చినవాళ్లు, అటు నుంచి కోడలిని తెచ్చుకున్నవాళ్లు ఇంటింటా ఉంటారు. నారాయణపేట వైపు దెబ్బలు తిన్న ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి మాన్వి దగ్గర ఫిర్యాదు చేస్తే, పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడి స్టేషన్‌కు పంపించాల్సిన బాధ్యత మాన్వి స్టేషన్‌దే. ఈ ఒక్క నియమం తెలిసిన కేడెట్ బల్ల దగ్గర ఉన్నా ఎందరో వెనక్కి తిరగకుండా ఆగుతారు.

అప్పుల సంగతి కూడా ఇక్కడ పెద్దదే. మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులు పెరగడంతో కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వాటిని అరికట్టే ఆర్డినెన్స్ తెచ్చింది. సంఘంలో అప్పు తీసుకున్న కూలి మహిళకు అలాంటి చట్టం ఉందని చెప్పేవారు ఎవరు? ఆ మాట మొదట వినబడాల్సింది స్టేషన్ ముందు గదిలోనే.

దీనికి ఎదురు వాదనా వినాలి. ఊరి కుర్రాడికి ఊరి కులాలు, పార్టీలు, పగలు అన్నీ తెలుసు. వచ్చినవారు ఎవరో చూసి ముఖం మార్చవచ్చు. విన్న రహస్యం సాయంత్రానికి హోటల్ దగ్గర చర్చ కావచ్చు. ఈ భయం నిజమైనదే. అందుకని కేడెట్‌ను సొంత హోబళీలో (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగంలో) కాకుండా అదే భాషలు నడిచే పక్క స్టేషన్‌లో వేయాలి. అన్ని కులాల నుంచి, తండాల నుంచి, సగానికి తక్కువ కాకుండా అమ్మాయిల్ని తీసుకోవాలి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉందని, బాలల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ వర్తిస్తుందని మొదటి రోజే చెప్పి సంతకం తీసుకోవాలి. ఫోన్ బయట పెట్టి రావాలి.

శిక్షణలో ఏముండాలి

కానిస్టేబుల్‌కు తెలుగు రాష్ట్రాల్లో తొమ్మిది నెలల శిక్షణ ఉంది. డెస్కు కేడెట్‌కు అంత అక్కర్లేదు. ఆరు వారాలు చాలునని నా అభిప్రాయం. కవాతుకు అందులో చోటు అవసరం లేదు.

మొదటిది వినడం. భయంతో వచ్చినవారు కథను మొదటి నుంచి చెప్పరు, నొప్పి ఉన్నచోట నుంచి చెబుతారు. మధ్యలో అడ్డుపడకుండా విని, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి తర్వాత అడిగి తెలుసుకోవడం అభ్యాసంతోనే వస్తుంది.

రెండోది ప్రమాదం గుర్తించడం. రక్తం కారుతున్న మనిషిని ముందు ఆసుపత్రికి పంపాలి. ఇంటికి తిరిగి వెళ్తే ప్రాణభయం ఉన్న ఇల్లాలిని ఆ పూట ఇంటికి పంపకూడదు. డబ్బు పోయిన సైబర్ మోసంలో ప్రతి నిమిషమూ విలువైనదే కాబట్టి వెంటనే 1930కి ఫోన్ చేయించాలి. పిల్లలకు 1098, మహిళలకు 181, ఏ అత్యవసరానికైనా 112.

మూడోది చేరవేయడం. ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేవారు మందు రాయరు. కేడెట్ కూడా అంతే. ఫిర్యాదు నిజమా అబద్ధమా, సివిలా క్రిమినలా, ఎఫ్ఐఆర్ కట్టాలా వద్దా అన్నది అతని పని కాదు. రాజీ మాట అతని నోట రాకూడదు. వచ్చిన సమయం రాసుకుని, క్రమసంఖ్యతో రసీదు ఇచ్చి, బాధ్యుడైన అధికారి ముందు కూర్చోబెట్టడంతో అతని పని పూర్తవుతుంది. రసీదు లేకుండా ఎవరూ గడప దాటి వెళ్లకూడదు.

నాలుగోది చట్టంలోని కనీస సంగతులు. 173వ సెక్షన్‌తో పాటు, సాక్షిగా పిలిచేటప్పుడు మహిళలను, పదిహేనేళ్లలోపు బాలలను, అరవై దాటినవారిని వాళ్లుండే చోటే విచారించాలన్న 179వ సెక్షన్, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు చెప్పాలన్న నియమం తెలిసి ఉండాలి. అడిగినవారికి ఇంటి భాషలో చెప్పగలగాలి.

ఐదోది తనను తాను కాపాడుకోవడం. రోజంతా దుఃఖం విన్నవారికి దాన్ని దించుకునే చోటు కావాలి. వారానికొకసారి అనుభవజ్ఞులైన కౌన్సెలర్‌తో కూర్చోవడం విధిగా ఉండాలి.

పరీక్ష కాగితం మీద పెడితే లాభం లేదు. రాజస్థాన్‌లో చేసినట్టు మారువేషపు ఫిర్యాదుదారులను పంపాలి. తెలుగు మాత్రమే వచ్చిన వృద్ధురాలిగా ఒకరు, తాగి గొడవ చేసేవాడిగా ఒకరు, పేరు చెప్పడానికి వణికే అమ్మాయిగా ఒకరు వెళ్లాలి. కేడెట్‌తో పాటు స్టేషన్‌కు కూడా అదే పరీక్ష. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు రిసెప్షన్‌తో సహా స్టేషన్ అంతటా సీసీ కెమెరాలు ఉండాలని ఆదేశించింది కాబట్టి, ఎవరు వచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో చూసే ఆధారం కూడా ఉంది.

ముందు జవాబుదారీ, తర్వాత నియామకం

ఇన్ని అనుభవాలూ చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. పద్దెనిమిదేళ్లు దాటిన స్థానిక యువతను, భృతి ఇచ్చి, భాషలు చూసి, హద్దులు గీసి ఠాణా ముందు గదిలో కూర్చోబెట్టడం మంచి పని. మల్లట్ వంటి బహుభాషా ప్రాంతాల్లో అది అవసరం కూడా. అయితే సిబ్బంది కొరతను తక్కువ ఖర్చుతో పూడ్చుకునే ఉపాయంగా దీన్ని వాడితే పథకం పుట్టిన ఏడాదికే చెడుతుంది. ఖాళీలు భర్తీ చేయాల్సిందే. కేడెట్ కానిస్టేబుల్‌కు ప్రత్యామ్నాయం కాడు.

రెండో షరతు మరింత ముఖ్యం. కేడెట్ ఇచ్చిన ప్రతి రసీదుకూ ఏం జరిగిందో ఇన్‌స్పెక్టర్ నెలనెలా ఎస్పీకి లెక్క చెప్పాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎఫ్ఐఆర్ అయ్యాయి, మిగతావి ఎందుకు కాలేదు అన్న వివరాలు స్టేషన్ గోడ మీద కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో ఉండాలి. శిక్షణ పొందిన అమ్మాయి ఎంత ఓర్పుతో విన్నా, ఆమె చేరవేసిన కాగితం లోపలి గదిలో ఆగిపోతే ఊరికి ఆమె కూడా పాత వ్యవస్థలో భాగంగానే కనిపిస్తుంది, ఆ నింద ఆమె మోయాల్సి వస్తుంది. అందుకని జిల్లా పోలీసు యంత్రాంగం మొదట ఈ లెక్క చెప్పే పద్ధతిని అమల్లో పెట్టాలి. అది మూడు నెలలు సరిగ్గా నడిచిన స్టేషన్లకే కేడెట్లను పంపాలి.